కమలాబాయి నిలబడ్డ కాలం

నడిగూడెంలో బస్సు దిగి ఎడమ కాలువ కట్ట పట్టుకుని నడిస్తే గుట్టకింది తండా వస్తుంది. 1987లో నా మొదటి పోస్టింగు అక్కడే. మాది కోదాడ. మా నాన్న మత్తయ్య గారు కూడా టీచరే. ఉద్యోగంలో చేరేముందు ఆయన నాకు ఇచ్చిన సలహా ఒక్కటే: "ఆ ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో ముందు కనుక్కో, అఆలు తర్వాత చెప్పొచ్చు." కనుక్కోవడానికి పెద్దగా కష్టపడలేదు. తండాలో మాట చెల్లేది పేరుకు తండా పెద్ద లింగ్యా నాయక్‌ది, నిజానికి రుక్మాబాయిది. ఆ రుక్మాబాయి నోరు తెరిస్తే వచ్చేది ఒక్కరి సంగతే, ఆమె కోడలు కమలాబాయి సంగతి.

అత్త నోట కోడలి పొగడ్త నేను అంతకుముందు విని ఎరగను. మొదట్లో వెటకారమేమో అనుకున్నాను. కాదు, నిజంగానే పొగుడుతోంది.

"నా కోడలు కూసోదు టీచరమ్మా. పొద్దు పొడిసిన కాడ్నించి పొద్దు గూకేదాంక దాని నడుము నేలకు ఆనదు. గీ తండల కోడండ్లందరు కూసొని తింటరు. అది నిలవడి తింటది. గసుంటి కోడలు ఏ తండల ఉన్నదో సూపియ్యి."

చూపించడానికి నా దగ్గర ఎవరూ లేరు. రుక్మాబాయి చెప్పింది నిజమే. కమలాబాయి ఇంట్లో కూర్చోదు, చేలో కూర్చోదు, పెళ్ళి పందిట్లో కూర్చోదు. బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా రాడ్డు పట్టుకుని నిలబడే కోదాడ దాకా వస్తుంది. "సీట్ల ముండ్లున్నయా ఏందమ్మా" అని కండక్టరు కసిరితే నవ్వి ఊరుకుంటుంది. బడిలో తల్లుల మీటింగు పెట్టి నేను చాపలు పరిస్తే, అందరూ కూర్చున్నాక ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. పనిమంతురాలికి కూర్చుంటే తోచదు కాబోలని నేనూ అనుకున్నాను.

బట్టల విషయంలో ఆమెకు ఇంకో పేరు. అప్పటికే తండాలో కొత్త కోడళ్ళూ బడికెళ్ళిన పిల్లలూ కోదాడ బజారు నైలాన్ చీరల్లోకి దిగిపోయారు. కమలాబాయి మాత్రం పేట్యా విడవలేదు. పేట్యా అంటే అద్దాలు, గవ్వలు, రంగురంగుల గుడ్డముక్కలు వేసి కుట్టిన బరువైన లంగా. ఎన్ని కుచ్చిళ్ళో, ఎన్ని మడతలో. రోహిణి కార్తె ఎండలో దాన్ని చూస్తేనే నాకు చెమట పట్టేది. లింగ్యా నాయక్ వయసొచ్చిన పిల్లల్ని తిట్టాలనుకున్నప్పుడల్లా, "కమలను సూసి బుద్ధి తెచ్చుకోండ్రి. మన ఇజ్జత్ అంత దాని ఒంటి మీదనే ఉన్నది" అనేవాడు. వాళ్ళు బుద్ధి తెచ్చుకోలేదు గానీ ఆమె పేరు మాత్రం పక్క తండాల దాకా పాకింది.

ఇక శుభ్రం. పొద్దున చూసినా కాలువ మెట్ల మీదే, మధ్యాహ్నం చూసినా అక్కడే, ఏదో ఒకటి ఉతుకుతూ ఉండేది. వేసవిలో కాలువకు నీళ్ళు బంద్ చేస్తే ఊరికి దూరంగా ఉన్న మోటారు బావి దాకా పోయి మరీ ఉతికేది. నడిగూడెం దుకాణాయన ఆమె కొనే సబ్బుబిళ్ళలు చూసి, "తండ మొత్తానికి నువ్వే చాకిరి చేస్తున్నవా?" అని అడిగాడట.

ఇన్ని మంచి పేర్లూ ఒకే కారణం వల్ల పుట్టాయి. దాన్ని ఇప్పుడు చెప్పొచ్చు, చెప్పమని కమలాబాయే అంది. ఆమెకు పుట్టినప్పటి నుంచీ మూత్రం ఆగేది కాదు. ధారగా కాదు. బొట్టుబొట్టుగా, పగలూ రాత్రీ, లేచి ఉన్నా పడుకున్నా కారుతూనే ఉండేది. లోపల గుడ్డలు మడిచి పెట్టుకునేది. తడిసిన గుడ్డలు కాలువలో ఉతుక్కునేది. కూర్చుంటే చాప మీద మరక పడుతుందని కూర్చునేది కాదు. నైలాన్ చీర తడిస్తే క్షణంలో బయటపడుతుంది. పేట్యా అయితే చెంబుడు నీళ్ళు పోసినా దాచుకోగలదు. తండా ఇజ్జత్ ఆమె ఒంటి మీద ఉందని లింగ్యా నాయక్ అన్న మాట ఒక రకంగా నిజమే. ఎవరి ఇజ్జత్ అన్నదే తేడా.

ఈ ఏర్పాటంతా ఆమె తల్లిది. దామరచర్ల దిక్కు తండా నుంచి పెళ్ళి చేసి పంపేటప్పుడు బిడ్డను పక్కకు పిలిచి చెప్పిందట, "పేట్యా ఇడవకు, పదిమందిల కూసోకు, నీ బట్ట ఇంకొకల చేత ఉతికియ్యకు. గిట్ల ఉంటే నీ సంసారం నిలుస్తది" అని. ఏ తల్లీ కూతురికి ఇంతకంటే పనికొచ్చే సారె పెట్టి ఉండదు.

సంసారం నిలవదేమోనన్న భయం ఉత్తదేం కాదు. కమలాబాయి కాపురానికి వచ్చిన ఏడే తండాలో నీలా అనే కోడలికి మూర్ఛ ఉందని బయటపడింది. పంచాయితీ పెట్టి పొద్దు గూకేలోపు ఆమెను పుట్టింటి బండి ఎక్కించారు. ఆ పంచాయితీలో అందరికంటే గట్టిగా మాట్లాడింది రుక్మాబాయి. "రోగం దాసి పిల్లనిస్తరా" అని ఆమె అరుస్తుంటే, కొత్త కోడలు కమలాబాయి ఆమె వెనకే నిలబడి వింది. ఆ రోజు నుంచి ఆమె ఇంకొంచెం నిటారుగా నిలబడటం నేర్చుకుంది.

మొగుడికి తెలియదా అంటే తెలుసు. కిష్ట్యా ఎవరిదో ట్రాక్టరు తోలేవాడు. మాటలకు డబ్బులు పోతాయన్నట్టుండే మనిషి. పెళ్ళైన వారంలోనే సంగతి అర్థమైంది. మర్నాడు కోదాడ నుంచి వస్తూ ట్రాక్టరు సీటుకు వేసే రెగ్జిన్ పట్టా ఒకటి కొనుక్కొచ్చి, మంచం మీద వేసి, దాని మీద బొంత పరిచాడు. "కొత్త పట్టా మంచం మీద ఎందుకురా?" అని తల్లి అడిగితే, "నల్లులు" అన్నాడట. వాళ్ళ కాపురంలో ఈ విషయం మీద నడిచిన చర్చ మొత్తం అంతే. ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు.

కమలాబాయికి ఏడాదిలో ఇష్టమైన కాలం నాట్ల కాలం. అప్పుడు ఆడవాళ్ళంతా మోకాళ్ళ దాకా బురదలో, నడుము దాకా తడిలో. ఎవరి తడి ఎవరు చూస్తారు? ఆ నెల ఆమె గొంతెత్తి పాడేది, మిగతా ఏడంతా ఆ గొంతు వినపడేది కాదు. నాట్లల్లో అంత హుషారుగా ఉండే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇట్లా ఎన్నేళ్ళయినా గడిచిపోయేవే. కానీ 1991 చలికాలంలో తండాలోకి జీపు వచ్చింది.

జీపులోంచి మఫ్లరు కట్టుకున్న ఆఫీసరు ఒకాయన దిగాడు. సూర్యాపేటలో సంస్కృతి సభట. పాత వేషం విడవని లంబాడా ఆడమనిషి ఒకరు కావాలట. వేదిక మీద పెద్దల పక్కన కూర్చోబెట్టి శాలువా కప్పుతారట. ఆయన మాట పూర్తి కాకముందే తండా అంతా ఒక్క గొంతుతో "కమలాబాయి" అంది. నా గొంతూ అందులో ఉంది, కొంచెం పెద్దగానే. రుక్మాబాయి కొడుకు పెళ్ళి నాడు కూడా అంత మురిసి ఉండదు. కమలాబాయి మొహం పాలిపోయింది. అది సిగ్గనుకుని అందరం నవ్వాం.

సాయంత్రం నేను బడికి తాళం వేస్తుంటే వచ్చింది.

"టీచరమ్మా, ఆ సభ ఎంతసేపు ఉంటది?"

"ఉపన్యాసాలు కదా, పూటంతా పడుతుంది."

"కుర్సీల మీద ఏమేస్తరు?"

"తెల్లగుడ్డ పరుస్తారు. పెద్దవాళ్ళు కూర్చునేవి కదా."

తలుపు రెక్క పట్టుకుంది. కళ్ళు తిరుగుతున్నాయేమోనని లోపలికి తీసుకొచ్చి బెంచీ చూపించాను. కూర్చోలేదు. నా మొహం చూడలేక నల్లబోర్డు వైపు తిరిగి నిలబడి, దానికే చెప్పుకుంటున్నట్టు మొత్తం చెప్పింది. చివర్న, "తెల్లగుడ్డ మీద మరక వడితే తండకు తెలుస్తది. మా అత్త నన్ను ఆ మూర్ఛ నీలా లెక్కనే బండెక్కిస్తది. పిల్లలు ఈడ్నే ఉంటరు, నేను పోత" అంది. నాకు ఏడుపొచ్చింది. బోర్డు తుడుస్తున్నట్టు నేనూ అటు తిరిగాను.

డాక్టరుకు చూపిస్తే తగ్గుతుందన్నాను. ఆ మాటకు ఆమె తన డాక్టర్ల కథ చెప్పింది. సబ్ సెంటర్ నర్సమ్మ, పిల్లల్ని కన్నాక అందరికీ గిట్లనే అయితదని నాలుగు మాత్రలిచ్చి పంపిందట. కోదాడలో ఆర్‌ఎంపీ కోటయ్య నాడి చూసి "ఒంట్ల వేడి మస్తున్నది" అని తేల్చి సెలైన్ సీసా ఎక్కించాడట. కారే మనిషికి ఇంకో సీసా నీళ్ళు ఎక్కించిన కోటయ్య తెలివికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియలేదు. ఆ రాత్రి గుడ్డలు చాలలేదట.

పుట్టింటికి పోతున్నానని అత్తకు చెప్పి కమలాబాయి, సెలవు పెట్టి నేను, మిర్యాలగూడ వెళ్ళాం. అక్కడ ఆడవాళ్ళకు చూసే డాక్టరమ్మ ఉందని నాతో చదువుకున్న పార్వతి చెప్పింది. ఆ డాక్టరమ్మ కోపిష్టి అని కూడా చెప్పింది. నిజమే, కానీ ఆ కోపం జబ్బుల మీద.

"ఎప్పటినుంచి ఉంది?" అని అడిగింది.

"పుట్టినకాడ్నుంచి."

"కాన్పుల తర్వాత కాదా? బాగా గుర్తు తెచ్చుకో."

"మా అమ్మ నన్ను ఎత్తుకున్న కాడ్నుంచి ఆమె ఒడి తడుస్తనే ఉన్నదట."

"మరి మామూలుగా మూత్రానికి పోతావా, అందరిలాగా?"

"పోత. అందరి లెక్కనే పోత. వచ్చినంక గుడ కారుడు ఆగది."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. ఎవరైనా ఈ రెండు ప్రశ్నలు ముందు అడిగారా అంది. కమలాబాయి ఆలోచించి, "కోటయ్య డాక్టరు మా మిరపచేను గురించి అడిగిండు" అంది.

తర్వాత జరిగిన పరీక్ష వింతది. సన్నటి గొట్టంతో మూత్రాశయంలోకి నీలిరంగు మందు నింపి, తెల్లటి దూది పెట్టి, కాసేపు వరండాలో నడవమన్నారు. నడిచి వచ్చాక చూస్తే దూది తడిసింది. కానీ నీలం చుక్క లేదు. డాక్టరమ్మ మొహం వెలిగింది. ఎదుటివాళ్ళ జబ్బు చూసి అంత సంతోషపడే మనుషులు డాక్టర్లలోనే ఉంటారు.

"నీ మూత్రం సంచీ బాగుంది. కారేది సంచీలోంచి కాదు. దానిలోంచి అయితే నీలంగా రావాలి" అంది. "మూత్రపిండం నుంచి సంచీలోకి ఒక గొట్టం వస్తుంది. నీకు ఒక పక్క మూత్రపిండానికి రెండు గొట్టాలున్నట్టున్నాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడే అట్లా తయారైంది. రెండోది దారి తప్పి, సంచీలోకి రాకుండా కిందికి దిగి బయట తెరుచుకుంది. అందుకే నువ్వు ఎంత బిగబట్టినా అది ఆగదు. చాలా అరుదు ఇది. నీ తప్పు కాదు, కాన్పుల తప్పూ కాదు."

నాకు సగమే అర్థమైంది. కమలాబాయికి మొత్తం అర్థమైంది. పుట్టిల్లూ మెట్టిల్లూ రెండూ కాలువ పక్కనే కదా, నీళ్ళాపే షట్టర్లూ తూములూ చూస్తూనే పెరిగింది.

"అంటే నా షట్టరు మంచిగనే ఉన్నది. షట్టరు కింద ఎవడో దొంగతూము పెట్టిండు. గంతేనా?"

"గంతే" అంది డాక్టరమ్మ. ఆమె నవ్వడం నర్సు కూడా అప్పుడే మొదటిసారి చూసినట్టుంది, తలుపు దగ్గర ఆగిపోయింది.

పట్నంలో పెద్ద దవాఖానలో రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు, ఆ గొట్టాన్ని తెచ్చి సంచీకి కుడతారు, ఆపరేషన్ చిన్నది కాదు గానీ నయమవుతుంది అని చీటీ రాసిచ్చింది. కానీ అక్కడ వంతు రావాలంటే నెలలు పడుతుందంది. సభ ఎప్పుడంటే, వచ్చే వారం.

బస్సులో కమలాబాయి రాడ్డు పట్టుకుని నిలబడే ఉంది. పక్కన నేనూ నిలబడ్డాను. దొంగతూము ఉందని తెలిసిన సంతోషం ఒక పక్క, తెల్లగుడ్డ భయం ఒక పక్క. జ్వరమొచ్చిందని చెప్పమన్నాను. "అత్త మంచంతోని సహా మోపిచ్చుకపోతది" అంది. అదీ నిజమే.

సభ నాటికి తండాకు తండా సూర్యాపేటలో దిగింది. ట్రాక్టరు ట్రాలీ తోలుకొచ్చింది కిష్ట్యాయే. రుక్మాబాయి ముందు వరసలో, పెద్దవాళ్ళకు వేసిన కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. కమలాబాయి వేదిక ఎక్కింది. అద్దాల పేట్యా దీపాల వెలుగులో తళతళలాడుతుంటే జనం చప్పట్లు కొట్టారు. నడుమన తెల్లగుడ్డ కుర్చీ ఖాళీగా ఉంది.

"కూర్చో అమ్మా" అన్నాడు మఫ్లరు ఆఫీసరు.

"వద్దు సారు."

"మొహమాటపడకు. నీ కోసమే వేశాం."

"నిలవడ్త సారు."

ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీ దగ్గరికి లాగాడు. పక్కనున్న పెద్దలు కూడా కూర్చో కూర్చో అన్నారు. జనం నవ్వడం మొదలుపెట్టారు. కమలాబాయి ఒక చేత్తో కుర్చీ వీపు పట్టుకుని, నూతి అంచున కాళ్ళు తన్నిపట్టిన మేకలా ఉంది. ఒక్కసారి కూర్చుందంటే అంతా అయిపోయినట్టే.

అప్పుడు వెనకనుంచి ఒక అరుపు వినిపించింది. మాటలకు డబ్బులు పోతాయనుకునే కిష్ట్యా, ట్రాలీ మీద నిలబడి, అంత జనంలో అరిచాడు.

"మా ఆడోళ్ళు పెద్దల ముంగట కూసోరు సారూ! గది మా రివాజు! తాతల నాటి సంది రివాజు!"

ఆఫీసరు చెయ్యి వదిలేశాడు. ఆయన మొహంలో పట్టరాని ఆనందం. ఆయన వెతుకుతున్న సంస్కృతి ఇంత బలంగా దొరుకుతుందని ఆయనే అనుకోలేదు. మైకు అందుకుని ఆ రివాజు గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. మరుక్షణం ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. రుక్మాబాయి గబుక్కున లేచి నిలబడింది. అటూ ఇటూ చూసి కనుసైగ చేసింది. తండా ఆడవాళ్ళంతా, ముసలివాళ్ళు సహా, ఏం జరుగుతోందో తెలియకపోయినా లేచి నిలబడ్డారు. పూటంతా అట్లాగే నిలబడ్డారు. వక్తలు ఒకరి తర్వాత ఒకరు ఆ మర్యాదను పొగిడారు. పొగిడినకొద్దీ ఉపన్యాసాలు పొడుగయ్యాయి, కాళ్ళు పీకాయి.

తిరుగు దారిలో నేను కిష్ట్యాను అడిగాను, ఆ మాట ఎట్లా తట్టిందని. స్టీరింగు మీద నుంచి చూపు తిప్పకుండా, "నల్లులంటే సభల నమ్మరు గద టీచరమ్మా" అన్నాడు.

గండం గడిచింది, ఇక పట్నం ప్రయాణమే మిగిలిందనుకున్నాం. రుక్మాబాయిని లెక్కలోకి తీసుకోలేదు. పెద్ద ఆఫీసర్లు అంతగా మెచ్చిన రివాజును ఆమె వదులుతుందా? సభ అయిన మరుసటి వారం నుంచే అమలు మొదలైంది. పెద్దవాళ్ళుంటే కోడళ్ళు కూర్చోకూడదు. బియ్యం ఏరినా నిలబడే ఏరాలి. చంటిపిల్లకు పాలివ్వాలన్నా ఇంటి వెనక్కి పోవాలి. మీ అమ్మమ్మ కూర్చునేది కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, "అది మరిసిపొయ్యింది, మనం మల్ల తెచ్చినం" అనేది. వారం వయసున్న రివాజు నెల తిరిగేసరికి తాతల నాటిదైంది. కోడళ్ళంతా కమలాబాయిని లోలోపల తిట్టుకునేవారు. నాకు తెలుసు, నా దగ్గరే తిట్టుకునేవారు కాబట్టి.

మరుసటి ఏడు ఎండాకాలం చివర్లో పట్నంలో ఆపరేషన్ అయింది. తండాకు మాత్రం కడుపులో గడ్డ అని చెప్పారు. పక్కన కిష్ట్యా ఉన్నాడు. సెలవులు కాబట్టి నేనూ పోయి వచ్చాను. లోపల పెట్టిన గొట్టాలన్నీ తీసేసిన మరుసటి రోజు పొద్దున్నే కమలాబాయి నర్సును పిలిచి గాభరాగా చెప్పింది.

"సిస్టరమ్మా, జర సూడుండ్రి. ఏదో ఖరాబైంది. గుడ్డ ఎండుగున్నది."

నర్సు చూసి, "ఎండుగనే ఉండాలమ్మా" అంది.

"ఎంతసేపు ఉంటది గిట్ల?"

"ఎంతసేపేంది? ఇగ ఎప్పటికీ."

కమలాబాయి నమ్మలేదు. చెయ్యి పెట్టి చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. పక్క మంచాల వాళ్ళు నవ్వారు. ఆమె కొంగు మొహం మీద కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కిష్ట్యా వార్డు బయటకు పోయి చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్ళెర్రగా ఉన్నాయి. "బయట దుమ్మున్నది" అన్నాడు. సభలో అరిచింది తప్ప ఆయన అబద్ధాలన్నీ రెండు మాటల్లోపే.

డిశ్చార్జి అయి వచ్చేటప్పుడు ఆమె బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చుంది. కోదాడ వచ్చాక కూడా లేవలేదు. దిగండి దిగండి అని కండక్టరు అరిచాక, ఇంకో రెండు ఊళ్ళ దాకా పోయి రావొచ్చు కదా అని మొగుణ్ణి అడిగింది.

శ్రావణంలో తీజ్ వచ్చింది. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, చివరి రోజు పాటలతో తీసుకెళ్ళి నీళ్ళలో వదిలే పండుగ. ఆ రోజు తండా అంతా లింగ్యా నాయక్ ఇంటి ముందు చేరింది. నన్నూ పిలిచారు. మగవాళ్ళు మంచాల మీద, ముసలివాళ్ళు గద్దె మీద, కోడళ్ళు వరసగా నిలబడి. అందులో రూప్లా పెళ్ళాం ఐలమ్మ నిండు చూలాలు. కాళ్ళు వాచిపోయి, ఒక కాలు మీద కాసేపు, ఇంకో కాలు మీద కాసేపు బరువు వేస్తూ నిలబడింది.

కమలాబాయి ఆలస్యంగా వచ్చింది. నడుము పక్క కోత ఇంకా పూర్తిగా గట్టిపడలేదు కాబట్టి బరువు పేట్యా కట్టొద్దని డాక్టర్లు చెప్పారు. మెత్తటి నూలుచీర కట్టుకుంది. వచ్చి, అందరి మధ్యలో, చాప మీద కూర్చుంది.

పాట ఆగిపోయింది.

"ఏందే ఇది?" అంది రుక్మాబాయి. "పేట్యా ఏది? పెద్దల ముంగట కూసుంటవా? పట్నం పోయొస్తే నెత్తికెక్కిందా? లెవ్వు!"

"నొప్పున్నది అత్తా."

"నొప్పుంటే ఇంట్ల పండు. నలుగుట్ల నా ఇజ్జత్ తియ్యకు. సూర్యాపేటల ఇంతమంది మెచ్చిన రివాజు. నీ మొగడే సెప్పె గద!"

లింగ్యా నాయక్ కూడా గొంతు సవరించుకుని కిష్ట్యా వైపు చూశాడు. కిష్ట్యా నేల చూశాడు. కమలాబాయి లేవబోయింది. లేస్తే అక్కడితో సరిపోయేది, కోత నొప్పి తగ్గాక పేట్యా కట్టుకుని మళ్ళీ గొప్పగా బతికేది. నేను మనసులో లేవమనే అనుకున్నాను. సగం లేచిన మనిషి చూపు ఐలమ్మ కాళ్ళ మీద పడింది. ఆగిపోయింది. మళ్ళీ కూర్చుంది.

"ఐలమ్మా, కూసో."

ఐలమ్మ భయంగా రుక్మాబాయిని చూసింది.

"కూసోయే. గసుంటి రివాజు లేదు. నా కోసం నా మొగడు పుట్టిచ్చిండు."

తర్వాత మొత్తం చెప్పింది. వాళ్ళ భాషలో చెప్పింది, అప్పటికి నాకు ఆ భాష సరిపడా వచ్చు. పుట్టుకతో వచ్చిన తడి, తల్లి మాటలు, కాలువ మెట్లు, రెగ్జిన్ పట్టా, దొంగతూము, నీలిరంగు. మగవాళ్ళు కొందరు తలలు తిప్పుకున్నారు. ఆమె తిప్పుకోలేదు. ఈసారి నల్లబోర్డు అవసరం లేకపోయింది ఆమెకు. ఐలమ్మ మెల్లగా చాప మీదికి జారి కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు కోడళ్ళంతా కూర్చున్నారు. నిలబడి ఉన్నది రుక్మాబాయి ఒక్కతే. కోడల్ని లేపడానికి గద్దె దిగి వచ్చింది కదా, అట్లాగే ఉండిపోయింది.

ఆమె మొహం చూస్తే నాకు జాలేసింది. ఇన్నేళ్ళు ఊరూరా చాటుకున్న గొప్పలన్నీ ఒక్కొక్కటే ఆమె కళ్ళ ముందు రాలిపోతున్నట్టున్నాయి. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఇన్నేండ్లు నా ఇంట్లనే ఉంటివి," అంది. "నీ చేతి కూడు తింటి. ఒక్కనాడన్న నాతోని సెప్పాలనిపియ్యలేదానె?"

"సెప్తే ఏం జేస్తుంటివి అత్తా?"

"కడుపుల పెట్టుకుని సూసుకుందును" అనడం ఎంత తేలిక. నలుగురిలో అదే అనాలి కూడా. రుక్మాబాయి కోడలి వైపు చూసింది. తర్వాత మోకాళ్ళు పట్టుకుని, చాప మీద కోడలి పక్కనే మెల్లగా కూలబడింది.

"ఎల్లగొడుదును," అంది. "కొత్తల సెప్తే ఎల్లగొడుదును."

"నాకెరుక అత్తా," అంది కమలాబాయి. "అందుకే ఇన్నేండ్లు నిలవడ్డ."